ఆడా మగా లేని కనెక్టరు

ఆళ్లగడ్డ అన్న రేడియో సెట్టు కాలిపోయిన సంగతి నాకు ఫోన్లో తెలిసింది. మామూలుగా మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకోం. రోజూ పొద్దున ఆరున్నరకు ఆయన ఆళ్లగడ్డలో, నేను నంద్యాలలో, ఎవరింట్లో వాళ్లం రేడియో ముందు కూర్చుని మాట్లాడుకుంటాం. అందుకే బడిలో ఇంటర్వెల్ బెల్లు కొట్టేవేళకు ఫోన్లో ఆయన పేరు కనబడేసరికి పిల్లలను వదిలి వరండాలోకి పరుగెత్తాను.

"టీచరమ్మా, మా ఇంట్లో హత్య జరిగింది," అన్నాడు.

"ఎవర్ని అన్నా?"

"సెట్టును. చంపింది మీ అక్క. పొగ గూడా వచ్చింది. ఇంగ నువ్వొచ్చి పంచనామా చేయల్ల."

నేను హైస్కూల్లో ఫిజిక్సు చెప్తాను. దానికి తోడు హ్యామ్ రేడియో పిచ్చి ఉంది. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, మిద్దె మీద యాంటెనా ఎత్తుకుని, సొంత సెట్టులో సాటి పిచ్చివాళ్లతో మాట్లాడుకోవడమే ఆ పిచ్చి. మా చుట్టుపక్కల ఈ పిచ్చి ఉన్నవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో ఆళ్లగడ్డ అన్న పెద్దవాడు. తాతల నాటి సేద్యం, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆయన్ను అన్నా అంటాను, ఆయన భార్యను అక్కా అంటాను. ఈ వరసలు ఒకదానికొకటి కుదరవని మా చర్చిలో ఒక పెద్దావిడ వేళ్లు మడిచి మరీ చూపించింది. మా ముగ్గురికీ ఆ బాధ లేదు.

రెండో శనివారం బస్సెక్కి పోయాను. వరండాలో మంచం మీద సెట్టును పడుకోబెట్టి, పైన తువ్వాలు కప్పి ఉంచాడు అన్న. పక్కన కుర్చీలో దిగులుగా కూర్చుని ఉన్నాడు. అక్క మాత్రం ఏమీ జరగనట్టు చిక్కుడుకాయలు ఒలుస్తా ఉంది.

జరిగింది ఇది. రేడియోకు కావలసింది పన్నెండు వోల్టులు. బ్యాటరీ నుంచి రావాలి. గోడలో ఉండేది రెండువందల ముప్పై. బ్యాటరీకీ రేడియోకూ నడుమ వైరు కలపడానికి ఏదో ఒక కనెక్టరు కావాలి కదా. అన్న దానికి మామూలు టూపిన్ ప్లగ్గు బిగించాడు. ఒక చెక్క మీద మూడు సాకెట్లు కొట్టి, వాటికి బ్యాటరీ తగిలించి, 'నా స్విచ్‌బోర్డు' అని వచ్చినవాళ్లకందరికీ చూపించేవాడు. చూడ్డానికి గోడ సాకెట్లకూ వాటికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇది ప్రమాదమని నేను రెండేళ్లుగా చెప్తూనే ఉన్నాను. "టూపిన్ ప్లగ్గు ఏ అంగట్లోనైనా దొరుకుతాది టీచరమ్మా. నువ్వు చెప్పే కనెక్టర్లు పార్సిల్లో రావల్ల. నా రేడియో నా ఇంట్లో ఉండాది, ఎవరు ముట్టుకుంటారు?" అనేవాడు.

అక్క ముట్టుకుంది. దుమ్ము తుడవడానికి సెట్టును బీరువా పక్కకు జరిపింది. వైరు చివర ప్లగ్గు వేలాడుతా ఉంది, ఎదురుగా గోడకు సాకెట్టు ఉంది. పెట్టి, స్విచ్చి వేసింది.

"నేనేం తప్పు చేసినా టీచరమ్మా?" అంది అక్క, చిక్కుడుకాయ నావైపు చూపిస్తా. "ప్లగ్గు గోడకు పెట్టకపోతే ఇంగ యాడ పెడతారు? గోడకు పెట్టగూడనిదైతే ప్లగ్గు ఎందుకు బిగించల్ల?"

అన్న నావైపు ఆశగా చూశాడు. నేను తువ్వాలు తీసి సెట్టును చూసినట్టు నటించాను.

మరలు విప్పాక అసలు సంగతి బయటపడింది. వైరు మధ్యలో ఫ్యూజు ఉండాల్సిన చోట లావుపాటి రాగి తీగ చుట్టి ఉంది.

"ఇదేంది అన్నా?"

అన్న చూపు ఆకాశంలోకి పోయింది. "ఊరికూరికే ఫ్యూజు పోతాంటే..."

"చూసినావా!" అంది అక్క. "హత్య నేను చేసినానంట. కత్తి నూరిపెట్టింది ఎవరు మల్ల?"

అదృష్టం బాగుండి మీటరు దగ్గర ఫ్యూజు వెంటనే ఎగిరిపోయింది. సెట్టు లోపల, తప్పుడు కరెంటు వస్తే ముందు తాను చచ్చిపోయే చిన్న డయోడు ఒకటి ఉంటుంది. అది రెండు ముక్కలైంది. బోర్డు మీద రాగి గీత ఒకటి మాడిపోయింది. మిగతాదంతా బతికే ఉంది. బాగు చేసి తెస్తాను, కానీ ఆ టూపిన్ ప్లగ్గులన్నీ పోవాలని షరతు పెట్టాను. అన్న "చూద్దాంలే" అన్నాడు. ఆయన "చూద్దాంలే" అంటే చూడడని అర్థం.

మూడు వారాలకు బాగుచేసిన సెట్టుతో, టిఫిన్ క్యారియరు నిండా కనెక్టర్లతో మళ్లీ పోయాను. కింద గిన్నెలో గుండ్రటి పిన్నువి, మధ్య గిన్నెలో కారులో సిగరెట్ లైటరు చోట గుచ్చేవి, పై గిన్నెలో పసుపుపచ్చవి, ఎరుపు నలుపు జతలు. పొరబాటున ఎవరు గోడకు ప్లగ్గు పెట్టేశారో వాళ్లనే పరీక్షకు కూర్చోబెట్టడం న్యాయమని చెప్పి, అక్కను మంచం మీద కూర్చోమన్నాను. చేతులు వీపు వెనక్కి పెట్టి, చూడకుండా కనెక్టర్లు కలపాలి. తప్పుగా కలపడానికి ఎంత వీలుంటే అంత ప్రయత్నం చేయమని కూడా చెప్పాను.

"తప్పు చేసేదానికి గూడా నన్నే పిలుస్తారు," అంటూనే ఉత్సాహంగా కూర్చుంది.

గుండ్రటి పిన్ను సులభంగానే దూరింది. కానీ మేం పెద్ద పవరు మీద ఐదు నిమిషాలు మాట్లాడగానే పట్టుకోలేనంత వేడెక్కింది. అక్క ఉఫ్ అని వేళ్లు ఊదుకుని దాన్ని ఆమడ దూరం విసిరేసింది. లైటరు ప్లగ్గు ఊరికే ఊడి వచ్చింది, బస్సులో సీటు దొరకని మనిషిలా ఎటు కదిపినా అటు ఊగింది. పసుపుపచ్చ రకం గట్టిది, తలకిందులుగా దూరదు, నాకు బాగా నచ్చింది. కానీ కలిపాక అక్క విడదీయలేకపోయింది. అన్న ఒకవైపు, అక్క ఒకవైపు పట్టుకుని లాగారు. ఊడినప్పుడు అన్న మంచం మీది నుంచి కిందికి జారాడు. అక్క అంతగా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

చివరికి ఎరుపు నలుపు జత. చిన్న చదరపు డబ్బీలు రెండు పక్కపక్కన అతుక్కుని ఉంటాయి, ఎరుపు ప్లస్సుకు, నలుపు మైనస్సుకు. ప్లగ్గు, సాకెట్టు అని తేడా లేదు, రెండువైపులా ఒకటే ఆకారం. ఏదైనా దేనికైనా తగులుతుంది. అక్క వీపు వెనక ఆరుసార్లు కలిపింది, ఆరుసార్లూ టిక్కుమని సరిగ్గా కూర్చుంది. వేడి లేదు, లాగితే వస్తుంది, ఊపితే రాదు.

"ఏది మగది, ఏది ఆడది?" అని అడిగాడు అన్న.

"తేడా లేదన్నా. రెండూ ఒకటే."

"అట్లయితే కాపురం ఎట్ల సాగుతాది?"

అక్క తల తిప్పకుండానే అంది, "ఎవరు పెద్దో తేలకపోతేనే సాగుతాది."

అన్న మొహం ముడుచుకున్నాడు. ఆడా మగా తెలియని దాన్ని తన బ్యాటరీకి బిగించేది లేదన్నాడు. చెక్క స్విచ్‌బోర్డును ఒళ్లో పెట్టుకుని బిడ్డను తడిమినట్టు తడిమాడు. టిఫిన్ క్యారియరు సర్దుకుని లేచాను.

బస్టాండుదాకా అక్క నాతో నడిచి వచ్చింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు మెల్లగా అంది, "బేస్తవారం ఆయప్ప గడివేములకు పోతాండాడు. యాడనో పాత ట్రాక్టరు అమ్ముతాండారంట. పొద్దున పోతే సాయంత్రం గానీ రాడు. నువ్వు లీవు పెట్టు."

గురువారం లీవు పెట్టాను. కారణం 'గృహ సంబంధమైన పని' అని రాశాను. ఎవరి గృహమని మా హెడ్మాస్టరు అడగలేదు.

ఆ రోజు మేమిద్దరం చేసినంత శ్రద్ధగా నేను నా ఉద్యోగంలో కూడా ఎప్పుడూ ఏ పనీ చేయలేదు. వైరు తోలు ఒలిచి, తీగలు మెలిపెట్టి, చిన్న లోహపు తొడుగులోకి దూర్చి, క్రింపింగ్ టూలుతో నొక్కాలి. దాన్ని డబ్బీలోకి తోస్తే లోపల టిక్కుమనాలి. టిక్కుమనకపోతే మళ్లీ మొదటికి. అక్క మూడోదానికే నాకంటే చక్కగా నొక్కడం నేర్చుకుంది. గట్టిదనం చూడటానికి నేను వైరు లాగి చూశాను. ఆమెకు ఆ పరీక్ష చాలలేదు. ఒక వైరుకు నీళ్ల బిందె వేలాడగట్టి కాఫీ పెట్టుకొచ్చింది. మేం కాఫీ తాగినంతసేపూ బిందె వేలాడుతూనే ఉంది.

ముందు రేడియో, బ్యాటరీ. తర్వాత చేతులు ఆగలేదు. కరెంటు పోయినప్పుడు వాడే చిన్న ఫ్యాను, పశువుల కొట్టంలో దీపం, పెరట్లో వంగచెట్లకు మందు కొట్టే పంపు, దాని చార్జరు, అన్నిటికీ ఎరుపు నలుపు జతలే. అక్క నాకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఆమెకు అర్థం కావాలని నేను ఒక్కో జతను ఆమెవైపు తిప్పి చూపిస్తూ అతికించాను. జారిపోకుండా నడుమ గమ్ము కూడా వేశాను. అసలైన ఫ్యూజు పెట్టి, రాగి తీగ ముక్కను కాగితంలో చుట్టి అక్కకిచ్చాను. ఇంట్లో మాటకు మాట వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తుందని బొడ్లో దోపుకుంది.

"బోర్డు యాడుండాదని అడిగితే ఏం చెప్తావక్కా?" అన్నాను పోబోతూ.

"నీళ్లు బాగా కాగినాయని చెప్తా," అంది. పెరట్లో నీళ్లపొయ్యి నుంచి సన్నగా పొగ వస్తా ఉంది. నాకు చెప్పకుండానే పని కానిచ్చేసింది.

మర్నాడు ఆరున్నరకు తిట్లకు సిద్ధపడి సెట్టు పెట్టాను. అన్న గొంతు వినబడింది. గడివేముల ట్రాక్టరు బాగలేదని చెప్పాడు. మబ్బు పట్టిందన్నాడు. కనెక్టర్ల మాట లేదు. ఆ మర్నాడూ లేదు. వారం దాటింది. వరి నాట్లు, అహోబిలం దారిలో పడిన గుంతలు, ఎవరికో కాలు విరగడం, అన్నీ మాట్లాడాడు. ఆ ఒక్కటి తప్ప. తిడితే తిట్టించుకుని ఊరుకునేదాన్ని. ఏమీ అనకపోయేసరికి నాకు అన్నం కూడా సయించలేదు. ఆయనకు అది తెలుసనీ, తెలిసే నోరు కట్టుకున్నాడనీ తర్వాత అక్క చెప్పింది.

పదో రోజు ఏదో చెప్తా చెప్తా, "టీచరమ్మా, నిన్న కాలవలో నీళ్లు..." అని మాట మధ్యలో ఆగిపోయాడు. ఎంత పిలిచినా పలకలేదు. నంద్యాలలో నేను, ఆత్మకూరులో ఇంకొకాయన కంగారు పడ్డాం. పావుగంట తర్వాత ఫోను చేశాడు.

"ఏమీ లేదు. మీ అక్క వంగచెట్లకు మందు కొడతాంది," అన్నాడు నీరసంగా. "పంపు బ్యాటరీలో చార్జి లేదంట. నేను మాట్లాడతాండంగానే వచ్చి, నా బ్యాటరీ టిక్కున పీకి, సంచిలో ఏసుకుని పోయింది. అన్నిటికీ అన్నీ తగుల్తాయి గదా ఇప్పుడు! ఇదంతా ఎవరి చలవో నాకు తెలుసు."

ఆ తర్వాత అది మామూలైపోయింది. అన్న గొంతు హఠాత్తుగా ఆగిందంటే వంకాయలకు పురుగు పట్టిందని మా గుంపులో అందరికీ తెలిసిపోయేది. ఆత్మకూరాయన "ఈసారి కాపు బాగుంటాది" అనేవాడు.

కొన్నాళ్లకు మా గుంపు ఒక అభ్యాసం పెట్టుకుంది. పెద్ద గాలివాన వచ్చి కరెంటు, ఫోన్లు పోయాయని అనుకోవాలి. ఒక ఆదివారం పగలంతా బ్యాటరీల మీదే ఊరి నుంచి ఊరికి కబుర్లు అందించాలి. అహోబిలం గుట్టల వైపు నుంచి వచ్చే మాటలు అందుకుని నంద్యాలకు చేర్చే పని ఆళ్లగడ్డది. అక్క వంకాయల సంగతి తెలిసినదాన్ని కాబట్టి, పొద్దున మొదటి ఆరాధన కాగానే నా బ్యాటరీ సంచిలో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

అనుకున్నట్టే అయింది. పదకొండు గంటలకల్లా అన్న బ్యాటరీ నీరసపడింది. సెట్టులో గొంతులు సన్నబడ్డాయి. అన్న అక్కవైపు చూశాడు. అక్క ఫ్యాను వైపు చూసింది. నేను కుర్చీలోంచి లేచి, సంచిలోంచి బ్యాటరీ తీసి, తొమ్మిదో తరగతికి పాఠం చెప్పేటట్టు మొదలుపెట్టాను.

"చూడన్నా, దీని గొప్పతనం ఇదే. నీ ఇంటిది, నా ఇంటిది అని లేదు. ఎవరి బ్యాటరీ అయినా, ఎవరి సెట్టుకైనా, కళ్లు మూసుకుని పెట్టొచ్చు." నిజంగానే కళ్లు మూసుకుని వైరు ముందుకు చాపాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "టీచరమ్మా, కండ్లు తెరు. నీ ఎరుపు నా నలుపు మిందికి పోతాంది."

తెరిచి చూశాను. నిజమే. నా కనెక్టరులో ఎరుపు ఒకవైపు ఉంటే, వాళ్ల కనెక్టరులో అది రెండోవైపు ఉంది. ఇంకొక్క వేలెడు తోసుంటే కరెంటు తలకిందులై, నా చేత్తో నేను బతికించిన సెట్టును నా చేత్తోనే చంపేదాన్ని. పరుగెత్తి ఫ్యాను చూశాను, పంపు చూశాను, కొట్టంలో దీపం చూశాను. అన్నీ అట్లే ఉన్నాయి. ఆ గురువారం అక్కవైపు తిప్పి చూపిస్తూ అతికించినప్పుడు, నా కుడి ఆమె ఎడమైన సంగతి మర్చిపోయి, ఇల్లు ఇల్లంతా తారుమారుగా బిగించాను. అన్నీ ఒకే తప్పు కాబట్టి వాటిలో అవి చక్కగా కలిసిపోయాయి. బయటినుంచి వచ్చినదానికి మాత్రం ఆ ఇల్లు మొత్తం తలకిందులు.

నా మొహం చూసి అన్నకు విషయం అర్థమైంది. రెండు నెలలుగా అదను కోసం కాచుకున్న ఆయన నోరు అప్పుడు తెరుచుకుంది. ముందు నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత మైకు అందుకున్నాడు.

"వద్దన్నా," అన్నాను.

"అన్ని స్టేషన్లకూ ఆళ్లగడ్డ నుంచి ముఖ్యమైన కబురు. అందరూ రాసుకోండప్పా. మా ఫిజిక్సు టీచరమ్మ నా ఇల్లంతా అద్దంలో చూసి బిగించింది..." సెట్టు గుయ్యిమని ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. అన్న మైకు వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. పండగ పూట బువ్వ తినబోతుంటే ముందు నుంచి విస్తరి లాగేసినట్టుంది ఆయన పరిస్థితి.

ఆ కబురు పూర్తి చేయించడం నాకు ఇష్టం లేదు. కానీ అహోబిలం గుట్టల దగ్గర ఒకాయన మా జవాబు కోసం ఎండలో కూర్చుని ఉన్నాడు. వాళ్లింటి కనెక్టర్లు మార్చాలంటే గమ్ము వేసి ఉన్నాయి, కోస్తేగానీ రావు. నా బ్యాటరీ జతకు మాత్రం బద్ధకం కొద్దీ గమ్ము వేయలేదు. అక్క దాన్ని తీసుకుని, ఎరుపు నలుపు డబ్బీలను చిక్కుడుకాయ ఒలిచినట్టు విడదీసి, అటుది ఇటు ఇటుది అటు జరిపి మళ్లీ కలిపింది. ఎరుపుకెదురుగా ఎరుపు, నలుపుకెదురుగా నలుపు ఉన్నాయా అని నా వేలు పట్టుకుని ముట్టించి చూపించింది. తర్వాత టిక్కుమనిపించింది. సెట్టు దీపం వెలిగింది.

అన్న మైకు మళ్లీ అందుకుని, ఆగిన మాట దగ్గర నుంచే, ఒక్క అక్షరం వదలకుండా పూర్తి చేశాడు. ఆత్మకూరాయన మరొక్కసారి చెప్పమన్నాడు, సరిగ్గా వినబడలేదంట. నాకు తెలుసు, ఆయనకు బ్రహ్మాండంగా వినబడింది. మిగతావాళ్లూ మరొక్కసారి చెప్పించుకున్నారు. సాయంత్రం నాలుగుదాకా మేం ఇరవైకి పైగా కబుర్లు అందించాం, ఒక్కటీ తప్పు పోలేదు. మెచ్చుకోవలసిన ఆ సంగతి మాత్రం ఎవరూ రెండోసారి అడగలేదు.

అభ్యాసం ముగిశాక, ఇంకో రోజు వచ్చి అన్నీ కోసి సరిగ్గా బిగిస్తానన్నాను. అన్న ససేమిరా అన్నాడు. "ఇది మా ఇంటి పద్ధతి. మార్చేది లేదు," అన్నాడు. రెండు నెలల కిందట ఆడా మగా లేదని ముట్టుకోనన్న మనిషే, ఇప్పుడు నా తప్పుకు కాపలా కూర్చున్నాడు. వేరే దారి లేక, ఒక కొస సరిగ్గా, ఒక కొస వాళ్లింటి పద్ధతిలో ఉండే మూరెడు వైరు ఒకటి తయారుచేసుకున్నాను. ఆళ్లగడ్డ పోయినప్పుడు అది తీసుకునే పోతాను.

సోమవారం తొమ్మిదో తరగతికి కరెంటు పాఠం వచ్చింది. ధన, రుణ ధ్రువాలు తారుమారైతే ఏమవుతుందో చెప్తూ, ఈ కథ మొత్తం చెప్పాను. మనుషులను మాత్రం కొంచెం మార్చాను. పిల్లలకు తెగ నచ్చింది, బల్లలు కొట్టి నవ్వారు.

"అంత తప్పు చేసిందెవరు మేడమ్?" అని వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది.

"ఎవరో లెక్కల మాస్టరులే," అన్నాను. "వేరే బడి. ఇంగ పుస్తకం తెరవండి."